దైవం ఐదోది

పోయిన వీడియోలో గీత పద్దెనిమిదో అధ్యాయంలో ఐదు కారణాల శ్లోకం దగ్గర ఆగాం. దాన్ని మన పక్కన జరిగినదాంతో కలిపి చెప్పాలని కావాలనే ఆపాను.

2025 జూన్ 30, సోమవారం ఉదయం. పటాన్‌చెరు దగ్గర పాశమైలారంలో, మాత్రల్లో వాడే సెల్యులోజ్ పొడి తయారుచేసే సిగాచి ఫ్యాక్టరీలో పేలుడు జరిగింది. యాభై మందికి పైగా పోయారు. చాలామంది బీహార్, ఉత్తరప్రదేశ్, ఒడిశా లాంటి చోట్ల నుంచి బతుకుతెరువుకి వచ్చినవాళ్ళు. ఎవరు ఎవరో తెలియక డీఎన్ఏ పరీక్షలు చేయాల్సి వచ్చింది. కొందరి ఆనవాళ్ళే దొరకలేదు.

మరి దేవుడు ఏం చేస్తున్నట్టు? ఈ ప్రశ్నకి మన ఇళ్ళల్లో రెడీగా ఉండే జవాబు: "వాళ్ళ కర్మ అలా ఉంది." అనేవాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. భయపడి అంటారు. వాళ్ళ ఖాతా వేరు, మన ఖాతా వేరు అనుకుంటే కాస్త ధైర్యం కదా.

కానీ కర్మ పోకడ అంతుపట్టదని చెప్పింది కృష్ణుడే. బ్రహ్మసూత్రాల్లో (2.1.34) కర్మ ప్రస్తావన వచ్చేది ఈశ్వరుడికి పక్షపాతం, క్రూరత్వం లేవని చెప్పడానికి. పోయినవాళ్ళ మీద మనం తీర్పు రాయడానికి కాదు.

ఇప్పుడు ఆ ఐదూ చూడండి: అధిష్ఠానం, కర్త, కరణం, చేష్ట, దైవం. భాష్యకారులు అధిష్ఠానం అంటే శరీరం, కరణం అంటే ఇంద్రియాలు అన్నారు. నేను కాస్త చనువు తీసుకుని చోటు, పనిముట్టు అంటాను. ఏ ఫ్యాక్టరీ అయినా తీసుకోండి. సన్నటి పొడి గాల్లో దట్టంగా లేచినప్పుడు నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. పిండిమిల్లులో కూడా అంతే. ఆ పొడి ఎక్కడ పేరుకుంటోంది, యంత్రం ఎలా ఉంది, ఎవరు ఊడుస్తున్నారు, ఎవరు ఆపమన్నారు, ఎవరు కానీమన్నారు... ఇవన్నీ మొదటి నాలుగులోకే వస్తాయి. దైవం ఐదోది. మనం మాత్రం లెక్క అక్కడి నుంచే మొదలుపెడతాం!

"సరే, ఆపొచ్చు కదా?" ఇది పాత ప్రశ్నే. భారతంలో అశ్వమేధ పర్వంలో ఉదంక మహర్షి కృష్ణుణ్ణి నిలదీస్తాడు, శపిస్తానంటాడు కూడా. సంధి కోసం చేయగలిగిందంతా చేశాను, వాళ్ళు వినలేదు అంటాడు కృష్ణుడు. అర్జునుడికీ అంతా చెప్పి, ఆలోచించుకుని నీకు తోచినట్టు చెయ్యమనే అన్నాడు. వినకపోయే స్వేచ్ఛ కూడా అందులో ఉంది. బాధేమిటంటే, విననివాడు ఒకడు, కాలిపోయేవాడు ఇంకొకడు. "ఆలోచించుకో" అన్నది ఆ మొదటివాడికే చెప్పినట్టు నాకు వినిపిస్తుంది.

పటాన్‌చెరులోనే ఇంకో ఉదాహరణ ఉంది. ఫ్యాక్టరీల వ్యర్థాలతో నక్కవాగు ఏళ్ళ తరబడి పాడైంది. డాక్టర్ కిషన్‌రావు గారు అక్కడే వైద్యం చేసేవారు. మందు రాసిచ్చి, మీ ప్రారబ్ధం అని పంపించెయ్యొచ్చు. ఆయన నీళ్ళ దాకా వెళ్ళారు, కోర్టుల దాకా వెళ్ళారు, దశాబ్దాల పాటు పోరాడారు.

ఉదంకుడి కథ ఇంకా చాలా ఉంది. వచ్చే వీడియోలో అదే.