ఆకాశంలో పోటీ – అంతరంగంలో సంకల్పం

“ఇంతమంది ఆకలితో అలమటిస్తుండగా కోట్లు పోసి ఆకాశంలోకి రాకెట్లు పంపటం ధర్మమేనా?” అని కొందరు సోదరులు మమ్మల్ని అడుగుతుంటారు. “చంద్రునిపైకి వెళ్ళటం దైవకార్యంలో జోక్యం కాదా?” అని మరికొందరు సందేహపడుతుంటారు.

రెండవ సందేహానికి జవాబు తేలిక. భూమ్యాకాశాల సృష్టిని గురించి యోచించేవారిని దివ్యఖుర్ఆన్ ఆలి ఇమ్రాన్ సూరాలో ప్రశంసించింది. అల్ బైరూనీ వంటి మన పూర్వపండితులు ఖిబ్లా దిశను నిర్ధారించటానికి ఖగోళశాస్త్రాన్నే ఆశ్రయించారు. కనుక ఆకాశాన్ని పరిశోధించటం పాపం కాదు.

మొదటి ప్రశ్నే బరువైనది. అమెరికా, సోవియట్ రష్యాల పోటీని పరిశీలిస్తే అది మనకు బాగా అర్థమవుతుంది.

1957 అక్టోబరు 4న రష్యా స్పుత్నిక్ ఉపగ్రహాన్ని పంపింది. 1961 ఏప్రిల్ 12న యూరీ గగారిన్ అంతరిక్షంలోకి వెళ్ళివచ్చాడు. అమెరికా కలవరపడింది. నెలన్నర తిరిగేలోపే అధ్యక్షుడు కెన్నెడీ, ఆ దశాబ్దం ముగిసేలోగా మనిషిని చంద్రునిపై దించాలని ప్రకటించాడు. 1962 సెప్టెంబరులో హ్యూస్టన్‌లో వేలాదిమంది ఎదుట విజ్ఞానం గురించి, శాంతి గురించి ఘనంగా ప్రసంగించాడు. కాని అదే ఏడాది నవంబరులో, నాలుగు గోడల మధ్య నాసా అధిపతి జేమ్స్ వెబ్‌తో మాట్లాడుతూ, తనకు అంతరిక్షంపై అంత ఆసక్తి లేదనీ, రష్యన్లకంటే ముందుండటమే ముఖ్యమనీ తేల్చి చెప్పాడు. ఆ మాటలు టేపులో నమోదై, తర్వాత లోకానికి తెలిశాయి.

సభలో ఒక మాట, గదిలో ఒక మాట! కర్మల విలువ సంకల్పాన్ని బట్టే ఉంటుందన్న దైవప్రవక్త (సఅసం) బోధన ఇక్కడ గుర్తుకు రావటం లేదూ?

1969 జూలై 15న, అపోలో-11 ప్రయోగానికి ముందురోజు, మార్టిన్ లూథర్ కింగ్ సహచరుడు రాల్ఫ్ అబర్నతీ పేద నల్లజాతి కుటుంబాలతో, కంచరగాడిదల బండ్లతో ప్రయోగకేంద్రం వద్దకు వచ్చాడు. తిండీ గూడూ లేనివారి సంగతేమిటని నిలదీశాడు. అప్పటి నాసా అధిపతి థామస్ పెయిన్ ఎదురు వచ్చి, రాకెట్టును ఆపితే పేదరికం పోతుందంటే ఆపేసేవారమేనన్నాడు. వ్యోమగాముల క్షేమం కోసం ప్రార్థించమని కోరాడు. అబర్నతీ అంగీకరించాడు. అతని ఫిర్యాదు విజ్ఞానం మీద కాదు, ప్రాధాన్యాల మీద.

జూలై 20న అమెరికా గెలిచింది. తర్వాత ఏమైంది? మరుసటి సంవత్సరమే కొన్ని యాత్రలను రద్దు చేశారు. 1972 డిసెంబరు తర్వాత యాభై ఏళ్ళపాటు ఏ మనిషీ చంద్రునిపై కాలు మోపలేదు. ప్రత్యర్థిని ఓడించాలనే ఉత్సాహం, ఓడించగానే చల్లారింది. ఆధిక్యత కోసం పోటీపడటం మనిషిని సమాధి దాకా ఏమరుపాటులో ఉంచుతుందని తకాసుర్ సూరా హెచ్చరిస్తోంది.

అలాగని అంతరిక్ష పరిశోధననే నిందించటం న్యాయం కాదు. 1977 దివిసీమ ఉప్పెనలో వేలాదిమంది ప్రాణాలు కోల్పోయారు. ఇప్పుడు, 2016లో శ్రీహరికోట నుంచి ఎగిరిన ఇన్‌శాట్-3డిఆర్ వంటి ఉపగ్రహాలు తుఫాను కదలికలను ముందే చూపుతున్నాయి. ఒక్క ప్రాణాన్ని కాపాడటం యావత్తు మానవాళిని కాపాడినట్లేనని బోధించే ధర్మం మనది. అదే రాకెట్టు, అదే ఆకాశం. సంకల్పం మారితే ఫలితమే మారిపోతుంది.

అగ్రరాజ్యాలను విమర్శించే ముందు మన ఇళ్ళను కూడా చూసుకుందాం. బంధువులకంటే ఘనంగా జరగాలని అప్పుచేసి వలీమా విందులు పెట్టటం లేదా? పక్క వీధి మస్జిదుకంటే మన మినారు ఎత్తుగా ఉండాలని చందాలు పోగుచేస్తూ, ఆ మస్జిదు గోడ పక్కనే పస్తులుంటున్న వితంతువును మరచిపోవటం లేదా? ఇది మన ‘చంద్రయాత్ర’ కాదా?

పోటీ పడండి, కాని పుణ్యకార్యాలలో పోటీ పడండి అన్నదే ఖుర్ఆన్ బోధనా సారాంశం. ఏదైనా పని తలపెట్టినప్పుడు మనల్ని మనం ఒక్క ప్రశ్న వేసుకుందాం: ఎదుటివాడు చూడకపోయినా, ఓడిపోకపోయినా, ఈ పని మనం చేస్తామా?

అల్లాహ్ మన సంకల్పాలను పరిశుద్ధం చేయుగాక! ఆమీన్.