ప్రాణం దక్కింది, చాలదా?

యుద్ధం వచ్చిన చోటినించి మనిషి క్షేమంగా ఇల్లు చేరితే మనం ముందు అనే మాట ఒకటే: "ప్రాణాలతో వచ్చాడు, అదే పదివేలు!" 2022లో యుక్రెయిన్‌లో యుద్ధం మొదలై, అక్కడ వైద్యం చదువుతున్న మన తెలుగు పిల్లలు చదువు మధ్యలో వదిలి తిరిగొచ్చినప్పుడూ అదే మాట విన్నాం. తప్పని నేననను. కాని, ప్రాణం దక్కాక ఆగిపోయిన పనికోసం విచారించడం అత్యాశేనంటారా?

ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా నాకు గియోం లె జాంతీ అనే ఫ్రెంచి ఖగోళ శాస్త్రజ్ఞుడు గుర్తొస్తాడు. 1761 జూన్ 6న శుక్రగ్రహం నల్లటి చుక్కలా సూర్యబింబానికి అడ్డంగా నడవబోతోంది. భూమ్మీద చాలాచోట్లనించి ఆ నడకని గడియారం పట్టి కొలిస్తే, సూర్యుడు మనకెంత దూరమో లెక్క తేలుతుంది. అందుకోసం ఆయన 1760 మార్చిలో పుదుచ్చేరికని ఓడెక్కాడు.

అప్పుడు ఫ్రెంచివాళ్ళకీ ఇంగ్లీషువాళ్ళకీ ఏడేళ్ళ యుద్ధం సాగుతోంది. అది మనకి పరాయి కథేం కాదు. 1758లో చందుర్తి దగ్గర విజయనగరం ఆనందరాజుగారు ఇంగ్లీషువాళ్ళతో కలిసి ఫ్రెంచివాళ్ళని ఓడించింది ఆ యుద్ధంలోనే. లె జాంతీ ఓడ మలబారు తీరం చేరేసరికి, పుదుచ్చేరి ఇంగ్లీషువాళ్ళ చేతిలో పడిందని తెలిసింది. ఓడ వెనక్కి తిరిగింది. పాపం, శుక్రుణ్ణి నడిసముద్రంలో చూశాడు. ఊగే ఓడలో లోలకం గడియారం నడవదు కనక ఆ చూడ్డం లెక్కకి పనికిరాలేదు.

మళ్ళీ 1769లో ఇంకొక్క అవకాశం. అదీ తప్పితే 105 ఏళ్ళదాకా లేదు. ఇంటికి వెళ్ళకుండా ఉండిపోయాడు. యుద్ధం ముగిశాక పుదుచ్చేరి చేరితే, నిన్నటి శత్రువులు, మద్రాసు ఇంగ్లీషువాళ్ళే మంచి దుర్భిణి పంపించారు. తీరా ఆ వేళకి మబ్బు కమ్మేసింది! 1771లో ఫ్రాన్సు చేరేసరికి, ఈయన పోయాడనుకుని వారసులు ఆస్తి పంచుకునే హడావుడిలో ఉన్నారు. అకాడమీలో ఆయన స్థానం కూడా ఇంకొకరికి ఇచ్చేశారు.

"పోనిద్దురూ, చుక్కని చూడకపోతే కొంప మునిగిందా? మన బొబ్బిలి మాటేమిటి?" అంటారేమో. నిజమే. 1757 జనవరి 24న ఫ్రెంచి ఫిరంగుల ముందు ఆ కోటలో ఆడవాళ్ళూ పిల్లలూ బలైపోయారు. దాని పక్కన ఈయన దుఃఖం ఆవగింజంత. కాని దుఃఖాలు తక్కెట్లో తూచి, తేలికదాన్ని పారేసే సరుకులు కావు కదా!

ఇంకో సంగతుంది. సూర్యుడి దూరం పారిస్‌కి ఒకటీ లండన్‌కి ఒకటీ ఉండదు. ఇరుగూ పొరుగూ తగువులాడుకుని ఉమ్మడి నూతి గిలక విరగ్గొడితే ఎవరి బిందె నిండుతుంది? శత్రువుకి నష్టమనుకుని ఆపిన పనిలో ఆపినవాడి వాటా కూడా ఉంటుంది. ఈ సంగతి యుద్ధం జరుగుతుండగానే తెలిసినవాళ్ళూ లేకపోలేదు. 1779లో అమెరికా, ఇంగ్లండు పోరాడుతున్నప్పుడు, అన్వేషణకి వెళ్ళిన కెప్టెన్ కుక్ ఓడ కనబడితే ఆపవద్దని బెంజమిన్ ఫ్రాంక్లిన్ తమ ఓడలవాళ్ళకి రాశాడు.

శుక్రుడు మళ్ళీ సూర్యుడికి అడ్డం వచ్చింది 1874 డిసెంబరు 9న. ఆ ఉదయం మన విశాఖపట్నంలో అంకితం వెంకట నరసింగరావుగారు డాబాగార్డెన్స్‌లోని సొంత వేధశాలనించి ఆ దృశ్యాన్ని చూశారు. ఓడ ఎక్కక్కర్లేదు, ఎవరి అనుమతీ అడగక్కర్లేదు. తన పని తను చేసుకునే మామూలు ఉదయం! లె జాంతీకి దక్కకుండా పోయింది అదే.

అంచేత, నన్నడిగితే, యుద్ధం దాటి వచ్చిన మనిషికి దిష్టి తీద్దాం, కడుపునిండా అన్నం పెడదాం. ఆ తరవాత పక్కన కూచుని, "నీ పని ఎక్కడ ఆగింది?" అని కూడా అడుగుదాం. మీరేమంటారు?