పాటకు గడువు తీరదు

తెలుగు సినిమాలో తొలి నేపథ్య గాయనిగా పేరుపొందిన రావు బాలసరస్వతీదేవి 1943లో ‘భాగ్యలక్ష్మి’కి తెరవెనుక పాడారు. సాలూరి రాజేశ్వరరావుతో కలిసి ఆమె పాడిన లలితగీతాలు ఆ తరం ఇళ్లలో మోగాయి. తర్వాత కోలంక జమీందారీ ఇంటికి కోడలయ్యారు. 1950 దశకం దాటాక సినిమాల్లో ఆ గొంతు ఆగిపోయింది. మళ్లీ వినిపించింది 1979లో, ‘సంఘం చెక్కిన శిల్పాలు’లో. 1950లలో సినిమా పాటను ఏలిన గాయని జిక్కి కూడా 1991లో ‘ఆదిత్య 369’కి పాడారు. వీటిని సినిమా ముచ్చట్లుగా చదివి వదిలేస్తాం. కానీ పాడే అర్హత ఏళ్లు గడిచినంత మాత్రాన చెల్లిపోదని భజనలు పాడే భక్తులు వీటినుంచి గ్రహించాలి.

ఈ మాట పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం ఫ్యాక్టరీల చుట్టూ కాపురాలు పెట్టుకున్నవారికి మరీ అవసరం. మెదక్ పల్లెల నుంచి వచ్చినవారిలో చిరుతల రామాయణంలో గొంతు కలిపినవాళ్లున్నారు, ఏకాదశి భజనలో తెల్లారేదాకా తాళం వేసినవాళ్లున్నారు. మారే షిఫ్టులు వాళ్లను భజనకు దూరం చేశాయి. రిటైరై తీరిక దొరికాక కూడా ‘ఈ వయసులో ఏం పాడతాం’ అంటూ మండపంలో చివరి వరుసలో కూర్చుంటారు. ప్రహ్లాదుడు తండ్రికి చెప్పిన తొమ్మిది భక్తుల్లో శ్రవణం మొదటిది, కీర్తనం రెండోది. దేనికీ వయసు నిబంధన లేదు. ఇన్నేళ్లూ విన్నదంతా పాడడానికి తయారీయే.

అలాగైతే పాడకుండా గడిపిన ఏళ్ల మౌనం కూడా తపస్సేనా అంటే, నేను ఒప్పుకోను. ఇంటి పరువు పేరుతో ఎంతోమంది ఆడవాళ్ల పాట ఆపించి, దాన్ని త్యాగమని పొగడడం అన్యాయం. విలువంతా మళ్లీ నోరు తెరవడంలోనే ఉంది. ఇక శ్రుతి తప్పితే అపచారం కదా అని సంగీతం తెలిసినవారు అడుగుతారు. ఆ పట్టింపు మంచిదే. వయసుతో పై స్థాయి అందదు, ఊపిరి చాలదు. దానికి మందు హార్మోనియంలోనే ఉంది: శ్రుతి రెండు మెట్లు దించండి, చరణాల మధ్య ఊపిరి తీసుకోనివ్వండి, ఎత్తుగడ కుర్రవాళ్లకు వదలండి. మైకు పట్టుకున్న ఒక్కరే పాడితే అది కచేరీ. భజనలో ఒకరంటే పదిమంది అందుకుంటారు. వణికే గొంతు కూడా అందులో ఇముడుతుంది.

బాలసరస్వతీదేవి 2025 అక్టోబర్ 15న, 97 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆమెను తలచుకుంటూ, బీరంగూడ గుట్ట నుంచి ఝరాసంగం దాకా భజన మండళ్ల పెద్దలకు ఒక విన్నపం: చివరి వరుసలో కూర్చున్నవారిని పేరుపెట్టి ముందుకు పిలవండి, వచ్చే ఏకాదశికి ఒక్క పల్లవైనా వారిచేత పాడించండి.