ఎండాకాలంలో చిప్పు నడక

మే నెల మధ్యాహ్నం కాగజ్‌నగర్‌లో ఎండ ఒక్కోసారి 45 డిగ్రీలు దాటుతుంది. బజారులో ఓ నెట్‌సెంటర్. ఇంటర్ మెమో కోసం వచ్చిన పిల్లవాడు జేబులో హాల్‌టికెట్ వెతుక్కుంటున్నాడు. ఎదురుగా ఉన్న కంప్యూటర్‌లోని ప్రాసెసర్ చిప్పు సెకనుకు 300 కోట్ల సార్లు కొట్టుకోగలదు, కానీ ఇప్పుడు అంత జోరుగా కొట్టుకోదు. నింపాదిగా ఉంటుంది. నంబరు కొట్టి ఎంటర్ నొక్కగానే ఎగిసి లేస్తుంది, పేజీ తెరుచుకోగానే దిగిపోతుంది. ఈ ఎక్కడం దిగడం ఎవరి కంటా పడదు. మనిషి చేసిన యంత్రాల్లో ఇంతకన్నా ముచ్చటైన నడక నేను చూడలేదు.

దీని వెనకున్న లెక్క ఇంకా అందం. చిప్పు తాగే కరెంటు వేగాన్ని బట్టి పెరుగుతుంది. వోల్టేజీ విషయంలో మాత్రం దాని వర్గాన్ని బట్టి పెరుగుతుంది. వేగం తగ్గితే వోల్టేజీనీ దించవచ్చు. వేగం సగం చేసి, వోల్టేజీని ఐదింట నాలుగు వంతులకు తెస్తే 0.5ను 0.64తో గుణించాలి: 0.32. వదులుకున్నది సగం వేగం, ఆదా అయింది మూడింట రెండు వంతులకు పైనే! పనికి రెట్టింపు సేపు పట్టినా, ఊరికే లీకయ్యే కరెంటును పక్కన పెడితే, మొత్తం ఖర్చు 64 శాతమే.

చిప్పు తాగిన కరెంటు చివరికి వేడిగానే మారుతుంది. చుట్టూ గాలే 45 డిగ్రీలుంటే ఏ ఫ్యానూ ఆ వేడిని లాగే హీట్‌సింక్‌ను అంతకన్నా చల్లబరచలేదు. వేడి హద్దు దాటితే హార్డ్‌వేరే వేగాన్ని కోసేస్తుంది. అందుకే అవసరం లేనప్పుడు వేగం తగ్గించుకునే ఈ నిగ్రహం విలువ చలిదేశాల కన్నా మన ఊళ్లకే ఎక్కువ.

సిర్పూర్ పేపర్ మిల్లు ఉన్న కాగజ్‌నగర్‌కు వేగాల సంగతి కొత్త కాదు. పేపర్ మెషిన్‌లో ఒక రోలర్ నడక తప్పితే కాగితం తెగుతుంది, అన్నీ ఒకదానికొకటి కట్టుబడి తిరగాలి. చిప్పులో పనిచేసే భాగాలైన కోర్లది వేరే స్వేచ్ఛ. ఒకటి వీడియో విప్పుతుంటే పక్కది కునుకు తీయవచ్చు. గడియారం ఉమ్మడిగా ఉన్న చిప్పుల్లో మాత్రం తొందర ఎక్కువున్న కోరు వేగమే అందరిదీ.

ఆ వేగాన్ని తేల్చేదాన్ని లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో గవర్నర్ అంటారు. 2004లో వచ్చిన ఆన్‌డిమాండ్ గవర్నర్ కాసేపటికోసారి తొంగిచూసి, కోరు ఎంత తీరిక లేకుండా ఉందో కొలిచేది. 2016లో వచ్చిన షెడ్యుటిల్ అలా తొంగిచూడదు. పనులు పంచే షెడ్యూలర్ దగ్గరే లెక్క తీసుకుంటుంది, పైగా అవసరానికి పావు వంతు కలిపి ఇస్తుంది. ఆ పావు వంతంటే నాకు ప్రాణం. ఇంకా రాని పని కోసం ముందే విడిచిన చోటు అది.

మీ కంప్యూటర్‌లో లినక్స్ ఉంటే స్కేలింగ్ గవర్నర్ పేరు ఒకసారి చూడండి. ‘పర్ఫార్మెన్స్’ అని ఉండి, ఎప్పుడూ పూర్తి జోరుతో మీకు పని లేకపోతే, అవసరాన్ని బట్టి మారే గవర్నర్‌ను పెట్టండి.