కొలబద్ద ఎవరిది?

"ఆరోజు నువ్వు కూడా నవ్వావక్కా."

పెళ్ళయిన ఎనిమిది నెలలకి మా తమ్ముడు నాతో అన్న మాట ఇది. ఏ రోజని నేను అడగలేదు. నాకూ గుర్తుంది. వాడికి పద్నాలుగేళ్ళు, నాకు పందొమ్మిది. ఎండాకాలంలో కూడా చొక్కా కింద రెండు బనియన్లు వేసుకునేవాడు. కాలవలో ఈతకి రావడం మానేశాడు. ఛాతీ కాస్త ఉబ్బిందని పెదనాన్న కొడుకులు వాడికో ఆడపిల్ల పేరు పెట్టారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ తర్వాతి సంగతులు నాకిప్పుడే తెలిశాయి. ఛాతీ సంగతి మరుసటేడుకే సర్దుకుంది కానీ అనుమానం కిందికి దిగింది. తలుపు గడియ పెట్టుకుని జామెట్రీ బాక్సులోని స్కేలుతో కొలుచుకునేవాడట. పదిహేడో ఏట ట్యూషన్ ఫీజు డబ్బులు పట్టుకుని, బస్టాండు గోడ మీద పేరు చూసిన ఒక 'డాక్టరు' దగ్గరికి, లాడ్జి గదికి వెళ్ళాడు. ఆయన వీణ్ణి పరీక్షించనైనా లేదు. చిన్నతనపు చెడు అలవాట్ల వల్ల నరాలు చచ్చుబడ్డాయనీ, ఎదుగుదల ఆగిపోయిందనీ చెప్పి పొడి పొట్లాలూ నూనె సీసా ఇచ్చాడు. పొట్లాలు అయిపోయాయి. ఆ మాట మాత్రం వాడిలో ఉండిపోయింది.

పెళ్ళయ్యాక వాడు భార్యని తాకలేదు. కారణం వాడికొక్కడికే తెలుసు. మా అమ్మకి తెలిసిందల్లా కోడలు ఇంకా నెల తప్పలేదని. ఆ అమ్మాయిని లేడీ డాక్టర్ల దగ్గరికి తిప్పింది, స్కానింగులు తీయించింది, మంగళవారాలు ఉపవాసాలు ఉంచింది. ఆ అమ్మాయి నోరు విప్పలేదు. మొగుడు దగ్గరికి రావడం లేదని అత్తగారికి ఏ కోడలు చెప్పగలదు? చివరికి అమ్మ నోటి వెంట "ఇంకో సంబంధం" అన్న మాట వచ్చిన రాత్రి తమ్ముడు నాకు ఫోన్ చేశాడు. వాళ్ళిద్దరి అనుమతితోనే ఇది రాస్తున్నాను.

స్త్రీ శరీరం మీద వచ్చిన కవిత్వంపై పరిశోధన చేసినదాన్ని. జయప్రభ 'చూపులు', కొండేపూడి నిర్మల 'లేబర్ రూం' ఎన్నిసార్లు పాఠం చెప్పి ఉంటానో. మన శరీరాల గురించి మనమే మాట్లాడాలని మన ముందుతరం పట్టుబట్టింది, దానికి తిట్లూ తిన్నది. మరి మగపిల్లవాడి శరీరభయం మన చర్చలోకి రావాలా? నాకు వెంటనే రెండు జవాబులు తోచాయి. వాళ్ళ కష్టాలు వాళ్ళు చూసుకుంటారు, మనకున్నవి చాలవా అన్నది ఒకటి. పాపం, వాళ్ళూ పితృస్వామ్య బాధితులే అన్నది రెండోది. మొదటిది మా తమ్ముడి గొంతు వినకుండా చేస్తుంది. రెండోది మా మరదలి ఎనిమిది నెలల్ని లెక్కలోంచి తీసేస్తుంది.

ఇందులో శరీరానికి సంబంధించిన భాగం చాలా చిన్నది. మగపిల్లల్లో యవ్వనం సాధారణంగా 9 నుంచి 14 ఏళ్ళ మధ్య ఎప్పుడైనా మొదలవుతుంది. ముందు వృషణాలు పెరుగుతాయి, పురుషాంగం ఆ తర్వాత. అందుకే ఒకే బెంచీ మీది పిల్లలు ఒకేలా ఉండరు. ఆ వయసులో చాలామందికి ఛాతీ కొంత ఉబ్బుతుంది, మామూలుగా ఒకటి రెండేళ్ళలో అదే తగ్గిపోతుంది. 15,521 మంది పురుషుల కొలతలను కలిపి చూసిన ఒక పరిశీలన 2015లో లండన్ నుంచి వచ్చింది. సగటు మామూలు స్థితిలో 9.16, స్తంభించినప్పుడు 13.12 సెంటీమీటర్లు. ఈ భయంతో డాక్టర్ల దగ్గరికి వెళ్ళేవాళ్ళలో ఎక్కువమంది కొలత మామూలుగానే ఉంటుంది. వీర్యం పోతే ప్రాణం పోయినట్టేనన్న మన దేశపు దిగులుకి మానసిక వైద్యుడు ఎన్.ఎన్. విగ్ 1960లోనే 'ధాతు సిండ్రోమ్' అని పేరు పెట్టాడు. లైంగిక సామర్థ్యం పెంచుతామనే మందుల ప్రకటనల్ని 1954 నాటి చట్టం నిషేధించింది. స్త్రీల వక్షోజాల ఆకృతి మారుస్తామనే ప్రకటనల్ని నిషేధించిందీ ఆ చట్టమే. మా బస్టాండు గోడ ఈ చట్టాన్ని చదివినట్టు లేదు.

అయితే ఆడపిల్లనీ మగపిల్లవాణ్ణీ కొలిచే తీరు ఒకటి కాదు. మనల్ని పెళ్ళిచూపుల్లో, పదిమందిలో కొలుస్తారు. మగపిల్లవాడు తలుపేసుకుని, తోటి మగవాళ్ళు ఊహించి పెట్టిన కొలతకి తనని తాను కొలుచుకుంటాడు. ఆ కొలత పెట్టింది స్త్రీలు కారు. కానీ మా తమ్ముడికి పెట్టిన పేరు ఆడపిల్లది. చేతకాని మగవాణ్ణి గాజులు తొడుక్కోమంటాం. 'మగతనం' అనే ఒక్క మాటలో ధైర్యాన్నీ, అధికారాన్నీ, ఒక అవయవాన్నీ కలిపి మూటగట్టాం. ఆడదానిలా ఉండటమే అన్నిటికన్నా హీనమన్న నమ్మకం లేకపోతే ఆ పేరు వాడికి గుచ్చుకునేదే కాదు. వాడి సిగ్గు మన అవమానంలోంచి తయారైంది. ఇది మన చర్చలోకి రావలసింది జాలి వల్ల కాదు, ఇందువల్ల.

అప్పుడు నా నవ్వు సంగతి కూడా ఒప్పుకోవాలి. హాస్టల్లో, ఆ తర్వాత మన సభల్లో కూడా, వేధించినవాడి గురించి మాట్లాడుకుంటూ "వాడికసలు ఉందో లేదో" అని నవ్వుకున్నాం. అది కోపంలో అన్న మాటే. కానీ ఆ కాసేపూ మన చేతిలో ఉన్నది వాళ్ళ స్కేలే. అది వేధించినవాడికి తగలదు. ఏ మూలో రెండు బనియన్లు వేసుకున్న పిల్లవాడికి తగులుతుంది.

భయపడటం మా తమ్ముడి తప్పు కాదు. ఆ భయాన్ని భార్య ఒంటి మీద పరీక్షలు చేయించి దాచుకోవడం తప్పు. మొదటి దాన్ని అర్థం చేసుకున్నందుకు రెండోదాన్ని క్షమించాలని లేదు. "నువ్వే తనకి చెప్పక్కా" అని బతిమాలాడు. చెప్పనన్నాను. వాడి తరఫున మాట్లాడటానికి ఇంట్లో ఆడవాళ్ళుంటారన్న అలవాటే ఇంతదాకా తెచ్చింది. రెండు రోజులకి వాడే చెప్పాడు.

మా మరదలు వాడి శరీరం గురించి ఒక్క మాట అనలేదట. "నన్ను స్కానింగులకి తిప్పుతుంటే మీరు ఎదురుగా కూచుని టీ తాగారు" అందట. పుట్టింటికి వెళ్ళిపోయింది. తనలో లోపమేమీ లేదని అత్తగారికి ఆయన నోటితోనే చెప్పాలి, అప్పుడే ఆలోచిస్తానంది. వాడు వంటింట్లో నిలబడి అమ్మకి చెప్పాడు. ఆ తర్వాతే ఆసుపత్రికి వెళ్ళాడు. డాక్టరు పరీక్ష చేసి అంతా మామూలుగానే ఉందన్నాడు, కౌన్సెలింగ్‌కి పంపాడు. మా మరదలు నెల తర్వాత వచ్చింది. ఇప్పుడు కలిసే ఉంటున్నారు. ఆ ఎనిమిది నెలల గురించి మాత్రం ఆమె ఇంకా మాట్లాడదు.

"నవ్వాను, తప్పే" అని తమ్ముడితో అన్నాను. పరవాలేదక్కా అంటాడని ఎదురు చూశాను. వాడు అనలేదు.