ఎదుటివారిని గీయుట

పరుల మొగమును తేఱిపాఱ జూడరాదని మన యిండ్లలో బిడ్డలకు నేర్పుదుము. మనుష్యరూపమును గీయ నేర్చువారికి మొట్టమొదట చెప్పవలసినది తేఱిపాఱ జూడుమనియే. ఈ రెండు బోధలును ఒకే యింట నెట్లు పొసగును? ఈ ప్రశ్న గుండుగొలనులో మా యింటి యరుగుమీద, తట్ట దింపుకొని కూర్చున్న యొక చేపలమ్మిమూలమున మాకు గలిగినది. దానికి మేము చెప్పుకొన్న సమాధానము పూర్తిగా తృప్తికరమైనది కాదు. ఐనను చదువరులయెదుట నుంచుచున్నాము.

మా మేనకోడలికి పదునేడేండ్లు. చిన్ననాటినుండియు దానికి బొమ్మలపై మక్కువ. చేతిఫోనులోని ఛాయాచిత్రములను జూచి సినిమాతారల మొగములను నున్నగా దించుచుండెను. చూచినవారెల్ల మెచ్చుచుండిరి. మాకు మాత్రము ఆ మొగములన్నియు అప్పచెల్లెండ్రవలె దోచెను. ఫోను ప్రక్కన బెట్టి వాకిటికి వచ్చినవారిని గీయుమని చెప్పితిమి. మఱునాడు కొల్లేటి దెసనుండి కొరమీనులు దెచ్చు ముసలిది వచ్చినది. "కాసేపు కూర్చుంటావా మామ్మా, నీ బొమ్మ వేస్తాను" అని పిల్ల యడుగగా ఆమె నవ్వి కూర్చుండెను.

మొదటి కాగితము పూర్తియైన పిమ్మట ముసలిది దానిని దూరముగా బట్టి చూచి, "ఇదెవరండీ అమ్మాయిగారూ?" అని యడిగెను. కన్నులు రెండును చక్కని మీనములవలె నుండెను. కవులు చెప్పగా మనమందఱము వినియున్న కన్నులవి. పిల్ల చిన్నబుచ్చుకొని, "చేపల్లాంటి కళ్లు అంటారు కదా, అలా వేశాను" అనెను. ముసలిది తట్టలోని చేప నొకదానిని తలపట్టి యెత్తి చూపి, "చేప కంటికి రెప్పుండదండీ. నాకు రెప్పే బరువు" అనెను.

ఈ మాటను మేము ఏ యలంకారగ్రంథమునను చదివి యుండలేదు. అవనీంద్రనాథ ఠాకూరుగారు 1914లో ప్రకటించిన యొక చిన్న పుస్తకమున, మన శిల్పులు అవయవములను శంఖముతోడను, ఏనుగుతొండముతోడను, చేపతోడను పోల్చిన విధమును బొమ్మలతో జూపియున్నారు. ఆ పోలికలను మేము నిందింపము. ఎన్నో తరములవారు చూచి చూచి కూర్చిన జ్ఞాపకము లవి. కాని పోలిక చూచినదానిని నిలుపుకొనుటకు గదా! మా పిల్లకది చూడకుండుటకు సాయపడినది. ఎదుట నున్న స్త్రీ పైరెప్ప వ్రేలాడి కనుగ్రుడ్డును సగము గప్పియుండుటయు, ఎడమకంట తెల్లని పొర యేర్పడుచుండుటయు, నీటి తళతళయందు ఏండ్లతరబడి చూపు ముడుచుటచేత కనుగొలకులలో సన్నని గీతలు చీలియుండుటయు, ఒక గంటసేపు ఎదుట గూర్చుండియు అది కనుగొననేలేదు.

అభ్యాసచిత్రమున మొదట బయలుపడునది మన యజ్ఞానమే. నేర్వనివారు తల గీచినచో కన్నులను నడినెత్తికి దగ్గఱగా బెట్టుదురు. నిజమునకు పెద్దవారి తలలో నవి నడినెత్తికిని గడ్డమునకును రమారమి సరిగా మధ్య నుండును. నుదురును నెత్తియు మనకంతగా పనిలేనివి గావున చిన్నవి చేయుదుము. చూచు కన్నును, పలుకు నోటిని పెద్దవి చేయుదుము. చేతుల సంగతియు నిట్టిదే. అరచేతి మొదలునుండి నడివ్రేలి కొనవఱకు గల పొడవు, గడ్డమునుండి నుదుటిపై వెండ్రుకలు మొలచు చోటివఱకు గల పొడవునకు ఇంచుమించు సమానము. నమ్మనివారు తమ చేతిని మొగముపై నుంచుకొని చూడవచ్చును. ఐనను క్రొత్తగా గీయువారు చేతులను బొమ్మరిండ్ల చేతులంత చేయుట సర్వసాధారణము. విష్ణుధర్మోత్తరమందలి చిత్రసూత్రము పురుషులను హంస, భద్ర, మాలవ్య, రుచక, శశకులని యైదు తెగలుగా విభజించి, హంసునకు 108 అంగుళములును, శశకునకు 90 అంగుళములును ఎత్తు చెప్పుచున్నది. ఆ యంగుళము బడిపిల్లల కొలబద్దలోనిది కాదు. ఎవరి యంగుళముతో వారినే కొలువవలయును. శాస్త్రములోని తక్కిన లెక్కలు మఱచినను ఈ యొక్క నియమమును మఱువవద్దని పిల్లకు జెప్పితిమి.

రెండవమాఱు ముసలిది నిలుచుండెను. తట్ట క్రింద బెట్టి, ఒక కాలిపై బరువు మోపి, అలసట దీర్చుకొనుచు నిలిచినది. పిల్ల దారమునకు రాయి గట్టి, తాపీమేస్త్రి గోడ నిలువు చూచునట్లు చూచెను. కంఠమూలపు గుంటనుండి దిగిన దారము బరువు మోయు కాలి మడమయొద్దకు వచ్చెను. ఆ వైపు తుంటి పైకి లేచి, ఆ వైపు భుజము క్రిందికి వాలియుండెను. గుడిస్తంభములపై జూచి మనము మురిసిపోవు త్రిభంగి యిదియే గదా యని మాకప్పుడు తోచినది. చేపలమ్మి నడుమునందు దానిని మనమెన్నడును జూచి యెఱుగము.

ఇంతవఱకు ఇంట నెవ్వరికిని ఆక్షేపణ లేదు. ఒకనాడు పిల్ల చెఱువులో వల లాగువారిని గీచి తెచ్చినది. మొలగుడ్డతప్ప లేని మగవారిని ఆడపిల్ల చూచి గీయుటయా యని పెద్దలకు గోపము వచ్చినది. ఈ కోపము క్రొత్తది గాదు. బొంబాయి చిత్రకళాశాలకు గ్లాడ్‌స్టన్ సాలమన్ దొర అధ్యక్షుడుగా నున్న కాలమున, 1920 ప్రాంతమున, వివస్త్రులైన సజీవమానవులను నిలిపి గీయు తరగతిని పెట్టినప్పుడును ఇట్టి యాక్షేపణలే లేచినవి. మన దామెర్ల రామారావుగారు ఆ బొంబాయి కళాశాలలోనే నేర్చిరి. కూల్డ్రే దొర ప్రోత్సాహమున అచటికి బోయి, రాజమహేంద్రవరమునకు మరలివచ్చి, చిత్రకళాశాల నెలకొల్పి, ఇరువదియెనిమిదేండ్లైనను నిండక 1925లో మసూచిచే మరణించిరి. ఆయన సోదరి దిగుమర్తి బుచ్చికృష్ణమ్మగారును, భార్య సత్యవాణిగారును కుంచె పట్టినవారే. రాజమహేంద్రవరమున ఆయన పేరిట నున్న చిత్రశాలకు బోవువారు వర్ణచిత్రములయెదుట నిలుతురు; పెన్సిలు గీతల కాగితములను దాటిపోదురు. ఆ గీతలు లేక ఆ వర్ణములు లేవు.

నాట్లవేళను, వలలవేళను, మూటలు మోయువేళను సగము వస్త్రముతో పాటుపడు దేహములను మన మాడువారును మగవారును దినదినము చూచుచునే యున్నాము. అప్పుడు రాని సిగ్గు పిల్ల చేత కాగితము కనబడగానే వచ్చుచున్నది. అనగా మన సిగ్గు ఆ దేహమును జూచుటకు గాదు, శ్రద్ధతో జూచుటకు. ఈ మాట మేము గట్టిగా ననగా పెద్దలలో నొకరు, "వాళ్లని అడిగిందా?" అని ప్రశ్నించిరి. మా నోట మాట రాలేదు.

ఏలయన, అడుగక గీచిన పాపము మాకును గలదు. పడుచుతనమున కొల్లేటిలో పడవపై పోవుచు, నోరు తెఱచి నిద్రించుచున్న యొక పడవవానిని గీచితిమి. మిత్రులకు జూపి నవ్వితిమి. అతడు మేలుకొని, ఆ నవ్వు దేనినిగూర్చియో తెలిసికొని, మమ్మేమియు ననక గడ వేయసాగెను. ఆ చిత్రమున గీతలు బాగుండెను. దానిని దాచుకొనలేకపోతిమి.

పిల్ల మఱునాడు చెఱువుగట్టునకు బోయి అడిగివచ్చినది. ఇద్దఱు సరేయనిరి. మూడవవాడు పై గుడ్డ కప్పుకొని అటు తిరిగెనట. ఆతని కాగితమును పిల్ల ఆతని యెదుటనే చింపివేసినది.

మూడవమాఱు ముసలిది వచ్చినప్పుడు, "నేనిలా కూర్చుంటే నా చేపలెవరమ్ముతారండీ బాబుగారూ?" అని మమ్మడిగెను. మొదట మాకు మనస్సు నొచ్చినది. కళకై యడిగినదానికి బేరమా యనుకొంటిమి. ఎండ యెక్కినకొలది తట్టలోని చేప కొనువారు తగ్గుదురనియు, మా పిల్ల కన్ను నేర్చుకొనుచున్న గంట ఆమెకు సగము దినపు కూడనియు అరుగుమీద నున్న మాకు తోచకపోవుట మా చదువునకు శోభగా లేదు. ఆ నాటినుండి తట్ట వెల యంతయు ఇచ్చుచు వచ్చితిమి. అందుచే ఋణము తీరినదని మేమనము. ఒకరి ముసలితనమును గీత గీతగా జూచుటకు వెల కట్టుట మాకు జేతకాదు. కాని వెల కట్టలేమన్న మాట వెల యీయకుండుటకు సాకుగా జేయరాదు.

కాగితములు పదునొకండైనవి. ఒకనాడు ముసలిది వానినన్నిటిని అరుగుపై పఱపించి చూచెను. ఏడవదానియొద్ద ఆగి చాలసేపు పలుకలేదు. పిమ్మట, "మా అమ్మండీ" అనెను. తల్లి చనిపోయి నలువదియేండ్లైనదట. ఛాయాచిత్రము తీయించి యుండలేదట. ఆ కాగితముననే పిల్ల కనురెప్పను మొదటిసారి కుదురుగా నిలిపినది. చిత్రకళాశాల ప్రవేశమునకు దానినే పంపవలయునని యెంచుకొని యుండెను. మా వంక జూచినది, మేమేమియు చెప్పలేదు. కొంత తడవునకు దానిని తీసి ముసలిదాని చేత బెట్టి, "ఫోనులో ఒక ఫొటో తీసుకోనా మామ్మా?" అని యడిగెను.

ముసలిది ఆలోచించి, "వద్దులెండి అమ్మాయిగారూ. మీరు మళ్లీ వేసుకోండి, నేను వస్తాను కదా" అనెను.

తడి తగులకుండ కాగితమును చుట్టి, తట్టలో బెట్టక చేతబట్టుకొని పోయినది. ఆ తరువాత నాలుగు దినములు వచ్చి కూర్చున్నది. ఎడమకన్ను ఇంకను కుదురలేదు.