బాలుర యుల్లాసము – బోధకుని ధర్మము

పాఠశాలలోని కాలపట్టికయందు గణితమునకొక గంట, భాషకొక గంట ఉన్నట్లే ఆనందమునకును ఒక గంట ఏర్పడిన కాలమిది. 2018 జూలైలో ఢిల్లీ ప్రభుత్వము తన పాఠశాలలయందు నర్సరీ మొదలు 8వ తరగతి వరకును ఆనంద పాఠ్యక్రమమును ప్రవేశపెట్టెను. కన్నులు మూసికొని శ్వాసను గమనించుట, కథ విని దానినిగూర్చి ముచ్చటించుట, చిన్న చిన్న కృత్యములు చేయుట, మనసులోని మాటను బయటికి చెప్పుట అందలి భాగములు. దానికి పరీక్షయు లేదు, మార్కులును లేవు. ఇట్టివానినిగూర్చి విన్న పెద్దలు కొందఱు “చదువు చెప్పుటకే కాలము చాలకుండగా ఈ వినోదములేల?” అనుచున్నారు. మఱికొందఱు “పిల్లవాడు సంతోషముగా నున్నచో చదువు దానంతటదియే వచ్చును” అనుచున్నారు. ఇరువురును బాలుని ఆనందము చదువునకు సాధనమా, ఆటంకమా అని మాత్రమే విచారించుచున్నారు. అది అతనికి మనము చెల్లింపవలసిన ఋణమా, కాదా అను ప్రశ్నను ఎవ్వరును అడుగుట లేదు. ఆ ప్రశ్ననే మేము చదువరుల యెదుట నుంచదలచితిమి.

బెత్తము, గుంజిళ్లు, గోడకుర్చీ, కోదండము – ఇవి మన పూర్వపు వీధిబడుల ఉపకరణములు. ఓనమాలతోపాటు భయమును కూడ అచ్చటనే దిద్దించెడివారు. “ఆ దెబ్బలు తినియే గదా మేము ఇంతవారమైతిమి” అని వృద్ధులు చెప్పుదురు. ఈ సాక్ష్యమునందొక లోపము కలదు. దెబ్బలకు నిలిచి చదివినవారు సభలలో కూర్చుండి మాటలాడుచున్నారు. దెబ్బలకు వెఱచి, బడి మాని, గొడ్లవెంట పోయినవారు ఆ సభలకు రారు. నూతిలో పడి ఈత నేర్చినవాని మాట వినుచున్నాము సరే, మునిగినవానిని ఎవరడిగిరి?

2009 సంవత్సరపు విద్యాహక్కు చట్టము తన 17వ విభాగమున శరీరదండనమునే కాక మానసికమైన వేధింపును కూడ నిషేధించినది. బెత్తము చాలచోట్ల మూలబడినది. కాని “మొద్దు”, “మట్టిబుఱ్ఱ”, “నీ అన్నను చూచి సిగ్గు తెచ్చుకొనుము” అను మాటలు మూలబడలేదు. బెత్తపు వాత నాలుగు దినములలో మానును. తరగతి యంతయు నవ్వుచుండగా తగిలిన మాట అంత త్వరగా మానదు. కావున ఆనందపు గంటను పెట్టుటకంటె ముందు తక్కిన గంటలలోని అవమానమును తొలగించుట మొదటి ధర్మము. ఉదయము పది గంటలకు దయనుగూర్చి కథ చెప్పి, పదకొండు గంటలకు లెక్క రానివానిని నలుగురిలో నగుబాటు చేసినచో, పిల్లలు నేర్చుకొనునది కథ కాదు. పెద్దల మాటకును చేతకును పొత్తు లేదను సత్యమును మాత్రమే.

1901లో శాంతినికేతనమున పాఠశాలను నెలకొల్పిన రవీంద్రనాథ ఠాకూరును, 1907లో రోము నగరమున శిశుగృహమును తెఱచిన మాంటిసోరియును, 1920లో భావనగరమున బాలమందిరమును స్థాపించిన గిజుభాయి బధేకాయును ఉల్లాసమును చదువులోనే వెదకిరి. ఆట, చేతిపని, కథ, చెట్లనీడ – వీనితో అక్షరమును కలిపిరి. మన పంచతంత్రమునందలి విష్ణుశర్మయు చదువునకు విముఖులైన రాజకుమారులు మువ్వురికి ఆఱునెలలలో నీతిని నేర్పినది కథలచేతనే గదా!

అట్లని చదువు ఎల్లప్పుడును తీయగానే యుండవలెనని మేము చెప్పము. ఎక్కములు వల్లించుటలో కష్టము కలదు. అక్షరము కుదురుటలో విసుగు కలదు. శ్రమ లేకుండుట ఆనందము కాదు. 2వ తరగతి బాలుడొకడు 42 నుండి 17 తీసివేసి 35 అని వ్రాసెననుకొందము. ఎఱ్ఱ సిరాతో కొట్టివేయుట క్షణములో పని. “నీవెట్లు చేసితివి నాయనా?” అని అడిగినచో వాడు “రెండులోనుండి ఏడు పోదు గదండీ, అందుచేత ఏడులోనుండి రెండు తీసితిని” అని చెప్పును. అది సోమరితనము కాదు. త్రోవ తప్పిన ఆలోచన. పదేసి పుల్లల కట్టలు నాలుగును, విడి పుల్లలు రెండును వాని చేతికిచ్చి పదునేడు తీయుమన్నచో, కొంత తడవు తికమకపడి, తుదకు వాడే ఒక కట్టను విప్పును. రెండు కట్టలును అయిదు పుల్లలును మిగులును. అప్పుడు వాని ముఖమున కనబడు వెలుగు శ్రమనుండి పుట్టినది. ఇంతకంటె వేఱుగ ఉల్లాసకృత్యమేమున్నది?

ఇక మనసులోని మాటను చెప్పించుటను విచారింతము. పిల్లలను వలయముగా కూర్చుండబెట్టి, “ఈ దినమున నీ మనసెట్లున్నది?” అని ఒక్కొక్కరిని అడుగుట నేడు వాడుకలోనికి వచ్చినది. ప్రశ్న మంచిదే. కాని రాత్రి తండ్రి త్రాగివచ్చి తల్లిని కొట్టగా చూచిన పిల్ల, నలువదిమంది నడుమ ఏమని చెప్పగలదు? “సంతోషముగా నున్నదండీ” అని బొంకవలెను. లేదా ఇంటిగుట్టును వీధిలో పెట్టవలెను. మొదటిది కపటమును నేర్పును, రెండవది సిగ్గును మిగుల్చును. కావున చెప్పుటకు అవకాశమిచ్చుటయే కాక, చెప్పకుండుటకును అధికారమియ్యవలెను. మౌనము బాలుని సొత్తు. బొమ్మ గీసి చూపవచ్చును, బడి విడిచిన పిదప ఒంటరిగా వచ్చి చెప్పవచ్చును, అసలే చెప్పకపోవచ్చును. చెప్పినదానిని ఉపాధ్యాయుల గదిలో కాలక్షేపమునకు వాడుట విశ్వాసఘాతుకము. అయితే బిడ్డకు హాని కలుగుచున్నదని తెలిసినప్పుడు గుట్టు పేరిట ఊరకుండుటయు పాపమే. 1098 అను శిశుసహాయ సంఖ్య అందులకే కలదు.

ఇచ్చట ప్రహ్లాదుని కథ స్మరణకు వచ్చుచున్నది. హిరణ్యకశిపుడు కుమారుని తొడపై కూర్చుండబెట్టుకొని, ఏమి నేర్చుకొంటివని ఎంతయో లాలనగా అడిగెను. ప్రశ్నయందు లోపము లేదు. వచ్చిన ఉత్తరమును భరించు శక్తియే అతనికి లేకపోయెను. పిల్లల మనసు నడుగువారందఱును ఈ సంగతిని తలపోయవలెను. “నాకు బడి యనిన భయము” అని పిల్లవాడనినచో కోపము తెచ్చుకొనక వినగలమా? వినలేనివారు అడుగకుండుటయే మేలు.

ఒక గదిలో రెండు తరగతులను కూర్చి చెప్పు ఏకోపాధ్యాయునికి ఇవన్నియు సాధ్యమా అని కొందఱు సంశయింపవచ్చును. చట్టము ప్రాథమిక తరగతులయందు ముప్పదిమందికి ఒక ఉపాధ్యాయుని కోరుచున్నది. దానిని సమకూర్చుట ప్రభుత్వముల విధి. కాని ఎగతాళి చేయకుండుటకు అదనపు కాలము పట్టదు. పేరు పెట్టి పిలుచుటకు వ్యయము లేదు. ఆకలితో వచ్చిన బిడ్డకు శ్వాసాభ్యాసము అక్కరకు రాదు; ముందు అన్నము కావలెను. వండిన భోజనము పెట్టవలెనని 2001లో సుప్రీము కోర్టు ఉత్తరువు చేసినదియు బాలుర ఉల్లాసమునకు చేసిన సేవయే.

ఈ ధర్మము బడితో తీరదు. సాయంకాలము ఇల్లు చేరిన బిడ్డను “ఎన్ని మార్కులు?” అని కాక, “నేడు దేనికి ఆశ్చర్యపడితివమ్మా?” అని తల్లిదండ్రులు అడిగి చూడవలెను. బాల్యము రాబోవు జీవితమునకు వాకిలి మాత్రమే కాదు, అదియు జీవితమే. ఆఱేండ్ల బిడ్డకు ఆఱవ యేడు మరల రాదు. పెద్దయిన తరువాత సుఖపడుదువులే అని చెప్పి ఆ యేటిని లాగికొనుటకు తండ్రికి గాని, గురువునకు గాని అధికారము లేదని మా నిశ్చయము.